చివరి ఇంటి నుంచి



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ఈ ఏడు మాట్లాడమని మన సంఘం కమిటీవారు కబురు పెట్టినప్పుడు, విషయం మీ ఇష్టం అన్నారు. నాకు ఎక్కువసేపు ఆలోచించాల్సిన పని పడలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆ మనిషి, ఆ తర్వాత మన విశాఖలో ఎవరికి సాయం అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్క పెట్టుకున్నారు. నేను విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్ని. హుద్‌హుద్ తుపాను రోజుల్లోనే మా ఇద్దరికీ దగ్గరి పరిచయం. ఊరు దెబ్బతిన్నప్పుడు దాతలు ఎంత ఇచ్చారన్నది పేపర్లో వస్తుంది, చివరి ఇంటికి ఏం చేరిందన్నది మనమే వెళ్లి చూసుకోవాలి అనేవారాయన. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఇక్కడున్నవాళ్లలో సగం మందికి ఆ రోజు వర్ణించనక్కర్లేదు, మిగతా సగం అప్పటికి చంటిపిల్లలు. వాళ్లకోసం నాలుగు ముక్కలు చెబుతాను. తుపాన్లు మన తీరానికి కొత్త కాదు. కానీ ఎక్కువగా అటు కళింగపట్నం వైపో, ఇటు కాకినాడ, మచిలీపట్నం వైపో పోయేవి. మనకు వాన, ఈదురుగాలి, రెండు రోజులు కరెంటు కోత, అంతే. తుపాను కన్ను ఇంత పెద్ద నగరం నడినెత్తి మీదుగా పోవడం మా తరం ఎరగదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లకు చేరింది. నడిమధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు, కూలిన చెట్లు చూసుకున్నారు, పక్కింటివాళ్లను పలకరించారు. అప్పుడు ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మొదటి గాలికి ఒక పక్కకు ఒరిగిన చెట్టు, స్తంభం, రేకుల కప్పు రెండో గాలికి నిలవలేదు. ఆ కాసేపటి ప్రశాంతతను నమ్మి బయట ఉండిపోయినవాళ్లకు తగిలిన దెబ్బలు ఎక్కువ. తుపాను కన్ను అంటే ఏమిటో ముందే ఎవరైనా ఆ వీధుల్లో చెప్పి ఉంటే అవి తప్పేవి. దానం అనగానే మనకు బియ్యం, బట్టలు, డబ్బు గుర్తొస్తాయి. ముందుగా ఒక మాట చెప్పి ఉంచడం కూడా ఆ లెక్కలోకే వస్తుందని నా నమ్మకం.

విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ తోటలు, జూ పార్కు, కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో నేలకొరిగాయి. ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేదు కాబట్టి పంపులు లేవు, పంపులు లేవు కాబట్టి కుళాయిలో నీళ్లు లేవు. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. అది సామాన్యమైన సంగతి కాదు. బ్లాస్ట్ ఫర్నేసు చల్లారితే లోపలి ఇనుము గడ్డకడుతుంది, కోక్ ఓవెన్ల వేడి పడిపోతే గోడ ఇటుక పగులుతుంది, మళ్లీ దారిలో పెట్టాలంటే నెలలు. రాష్ట్ర ప్రభుత్వం మొత్తం నష్టాన్ని దాదాపు 22 వేల కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. రాష్ట్రం విడిపోయి అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు.

సాయం వచ్చింది. ఆ మాట గట్టిగా చెప్పాలి. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఊళ్లోనే మకాం వేసి కలెక్టరేటు నుంచి పనులు నడిపించారు. ప్రధాని మోదీ 14వ తేదీన వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. తూర్పు నౌకాదళం మనుషులు రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లు కోసి దారి చేశారు. రాష్ట్రంలోని ఇతర మునిసిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు లారీల్లో వచ్చి, మన వీధుల్లో పేరుకున్న కొమ్మా రెమ్మా, కుళ్లూ కసువూ ఎత్తిపోశారు. వాళ్ల ఊళ్ల పేర్లు కూడా మనం అడిగి ఉండం. పాల ప్యాకెట్టుకు రెండింతలు మూడింతలు గుంజిన కొట్లున్నాయి, నిజమే. ఉన్న రెండు డబ్బాల నీళ్లలో ఒకటి పక్కింటికి ఇచ్చిన ఇల్లాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. నేను కళ్లారా చూశాను. అక్టోబరు 23న దీపావళి. ఎండిన ఆకులు, కొమ్మలు ఎక్కడ చూసినా గుట్టలుగా పడున్నాయి, నిప్పురవ్వ పడితే ముప్పు, బాణసంచా వద్దు అని ప్రభుత్వం కోరింది. ఊరు విన్నది. దీపాలు పెట్టుకుని ఊరుకుంది. పండగపూట చిన్నపిల్లలున్న ఇళ్లు ఆ మాట విన్నాయంటే అది చిన్న త్యాగం కాదు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. కూలిపోయిన కరెంటు తిరిగి రావడానికి ఒక వరస ఉంటుంది. ముందు పెద్ద సబ్‌స్టేషను. తర్వాత 33 కేవీ లైను. తర్వాత 11 కేవీ ఫీడర్లు, అందులోనూ ఆస్పత్రి ఉన్నది, నీళ్ల పంపులున్నది ముందు. ఆ తర్వాత వీధి ట్రాన్స్‌ఫార్మరు, అక్కడి నుంచి తక్కువ వోల్టేజీ (ఎల్టీ) లైను, చిట్టచివర ఇంటికి పోయే సర్వీసు తీగ. ఒక ఫీడరు ఛార్జి చేస్తే వేల ఇళ్లలో లైటు వెలుగుతుంది. కొండవాలు మీద ఆఖరి స్తంభం నిలబెడితే వెలిగేది నాలుగు ఇళ్లు. ఆ స్తంభాన్ని క్రేను మోయలేదు, దారి లేదు. ఎనిమిది పది మంది తాళ్లు కట్టి భుజాల మీద మెట్లెక్కించాలి. వరస తప్పని నేననను. అత్యవసరం ముందు, ఎక్కువమందికి ఉపయోగపడేది ముందు, ఎక్కడైనా అంతే. బయటి జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన లైన్‌మన్లు రాత్రీ పగలూ స్తంభాల మీదే ఉన్నారు. కానీ ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. నగరంలో విద్యుత్తు వచ్చేసిందని వార్త వెలువడిన రోజుకి ఆ నాలుగు ఇళ్లు చీకట్లోనే ఉంటాయి. ఆ వార్త చూసి సాయం చేయడానికి వచ్చినవాళ్లు సామాన్లు సర్దుకుంటారు. దాతలు అయిపోయిందనుకుంటారు. ఆ ఇళ్లకు ఒకటి కాదు, రెండు దెబ్బలు. కరెంటు ఆలస్యంగా వస్తుంది, అది వచ్చేలోపే జనం వాళ్లను మరచిపోతారు.

అన్నం పొట్లాలదీ అదే కథ. వ్యాను ఎంతవరకు వెళ్తుందో పొట్లం అంతవరకే వెళ్తుంది. బీచ్ రోడ్డు మీద, హైవే పక్కన, వంతెన కింద ఒకే కుటుంబానికి మూడు చోట్ల నుంచి పులిహోర అందిన రోజున, కొండమీది మెట్ల చివర పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. ఎవరూ కావాలని చేయలేదు. మెట్లెక్కే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

మాస్టారు అక్కడ మొదలుపెట్టారు. కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునే పొడుగాటి పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని, ఇద్దరు పాత శిష్యుల్ని వెంటేసుకుని, ముందు కొండ పైకి వెళ్లిపోయేవారు. పై ఇంటి నుంచి రాసుకుంటూ కిందికి దిగేవారు. కింద నుంచి ఎందుకు మొదలుపెట్టరని అడిగితే, కింద నుంచి ఎక్కితే అలిసిపోయిన చోట ఆగిపోతాం, పైనుంచి దిగితే ఇంటికి పోవడానికైనా కిందికి రాక తప్పదు గదా అన్నారు. పుస్తకంలో గళ్లు ఆయనే స్కేలు పెట్టి గీసుకునేవారు. ఇల్లు, ఎంతమంది, ఏం పోయింది, ఏం కావాలన్నారు, ఏం ఇచ్చాం, ఏ తేదీన. నాలుగో గడి నింపకుండా ఐదో గడి రాయనిచ్చేవారు కాదు. అడక్కుండా ఇవ్వడానికి వీల్లేదన్నమాట.

ఆ నాలుగో గడిలో ఏముండేదో చెబితే ఆశ్చర్యపోతారు. బియ్యం అని రాసిన ఇళ్లు తక్కువ, రేషను ఎలాగూ ప్రభుత్వం ఇస్తోంది. టార్పాలిన్, తాడు. అగ్గిపెట్టెలు. తాతకు బీపీ మాత్రలు, చీటీ తడిసిపోయింది. కుట్టుమిషను తడిసింది, బాగుచేసే మనిషిని పంపండి. రేషను కార్డు ఎగిరిపోయింది, నకలు ఎక్కడిస్తారో చెప్పండి. పాపకు పదో తరగతి పుస్తకాలు. ఒకచోట ఒకావిడ, మాకేమీ వద్దు, పై ఇంటాయనకి కాలు విరిగింది, ఆయనకి చూడండి అని చెబితే ఆ మాటలే అక్షరాలా రాసుకున్నారు. వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి ఖర్చు వారానికోసారి కాగితం మీద రాసి వీధి మొగలో గోడకు అంటించేవారు. ఇచ్చినవాళ్లకే కాదు, పుచ్చుకున్నవాళ్లకూ లెక్క తెలియాలి అనేవారు. ఈ రెండో సగం నేను మరెక్కడా చూడలేదు. దాతలకు రసీదులిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. పుచ్చుకున్నవాళ్లకు లెక్క చూపించి, మీకు రావాల్సింది వచ్చిందా అని అడిగే సంస్థలు ఉండాలి.

పాత బట్టల గురించి చెప్పక తప్పదు. ఏ విపత్తు వచ్చినా మూటలు మూటలుగా బట్టలు వస్తాయి. చిరిగినవి, బొత్తాలు లేనివి, మన తీరంలో ఎవరూ తొడుక్కోని ఉన్ని స్వెట్టర్లు. వాటిని దించడానికి, వేరుచేయడానికి, మిగిలినవి పారేయడానికి పదిమంది వాలంటీర్ల రోజులు పోతాయి. ఆ పదిమందీ మెట్లెక్కాల్సినవాళ్లు. మన ఇంట్లో అడ్డం తొలగించుకోవడం వేరు, ఒకరికి ఇవ్వడం వేరు. ఇవ్వగలిగితే డబ్బు ఇవ్వండి. ఆ డబ్బుతో పూర్ణా మార్కెట్లో టార్పాలిన్ కొంటే, తడిసిన సరుకుతో నష్టపోయిన ఆ కొట్టు కూడా తెరుచుకుంటుంది, అక్కడ మోత మోసే మనిషికి ఆ రోజు కూలి దొరుకుతుంది. దూరం నుంచి లారీలో అదే సరుకు వస్తే ఈ రెండూ జరగవు.

తెలుగువాళ్లకు చందా పోగుచేయడం తెలియని విద్య కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల వెంట తిరిగారు. అవనిగడ్డ ప్రాంతంలో మండలి వెంకటకృష్ణారావు ఆ ఊళ్లను తిరిగి నిలబెట్టడమే పనిగా పెట్టుకున్నారు. మదర్ థెరెసా వచ్చారు. హుద్‌హుద్ తర్వాత 2014 నవంబరు 30న సినిమావాళ్లంతా హైదరాబాదులో కలిసి ‘మేము సైతం’ కార్యక్రమం చేసి కోట్ల రూపాయలు సేకరించారు. ఆ పేరు వెనక ఉన్న శ్రీశ్రీ ఈ ఊళ్లో పుట్టినవాడే కాబట్టి ఆ రోజు మనవాళ్లు టీవీల ముందు కూర్చుని కొంచెం పొంగిపోయారు కూడా. అమెరికా తెలుగు సంఘాలు పంపాయి, పొరుగు తమిళ నటులు పంపారు. వాళ్లందరికీ మనం రుణపడి ఉన్నాం. నా బాధ వేరే ఉంది. ఈ చందాలన్నీ మొదటి నెలా రెండు నెలల్లో వస్తాయి. కూలిన ఇల్లు లేవడానికి, పోయిన ఉపాధి నిలబడటానికి పట్టేది రెండేళ్లు, మూడేళ్లు. ఆ మూడో ఏట ఎవరూ రారు.

నిలకడగా ఇవ్వడం ఎలా ఉంటుందో ఈ ఊరికి తెలుసు. ఆంధ్రా యూనివర్సిటీలో సైన్సు, టెక్నాలజీ కాలేజీ మీద జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు ఎందుకుందో ఇప్పటి విద్యార్థులు ఎంతమందికి తెలుసో. ఆయన ఒక్కసారి ఇచ్చి ఊరుకోలేదు. ఏటా లక్ష రూపాయలు అని మాట ఇచ్చారు. 1930లలో లక్ష రూపాయలు. రేపు కూడా వస్తుందన్న నమ్మకం మీద ప్రయోగశాలలు కట్టుకోవచ్చు, మంచి ఉపాధ్యాయుల్ని పిలిపించుకోవచ్చు. విపత్తు నిధికీ అదే కావాలి. ఒక మనిషి తుపాను రోజున పదివేలు ఇవ్వడం కంటే, నెలకు రెండు వందల చొప్పున ఐదేళ్లు ఇస్తే ఎక్కువ పనవుతుంది. ఫోటో ఒక్కటే తక్కువ.

మొక్కల సంగతి చూడండి. హుద్‌హుద్ తర్వాత ఊరు మళ్లీ పచ్చబడాలని స్కూళ్లు, కంపెనీలు, సంఘాలు మొక్కలు నాటాయి. మంచి పనే. కానీ మొక్క నాటడం ఒక పూట పని, దాన్ని మే నెల దాటించడం రెండు మూడు వేసవుల పని. నాటినవాళ్లు బోర్డు మీద పేరు రాయించుకున్నారు. మండుటెండలో బిందె మోసిన తోటమాలి పేరు ఏ బోర్డు మీదా లేదు. బతికిన ప్రతి చెట్టూ ఆయన ఇచ్చిన దానమే.

ఊరు కొన్ని గుణపాఠాలు బాగానే నేర్చుకుంది. వీధి దీపాలు తొంభై వేల దాకా ఎల్ఈడీకి మారాయి, ఆ పని పూర్తిచేసిన మొదటి నగరాల్లో మనది ఒకటి. ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగలు భూమి లోపలికి వెళ్లడం మొదలైంది. వచ్చే తుపానులో బీచ్ రోడ్డు మీద స్తంభాలు కూలవు. సంతోషం. ఆ కేబుళ్లు కొండవాలు పేటల దాకా ఎప్పుడు వస్తాయన్న ప్రశ్న మనం అడుగుతూ ఉండాలి.

ఇక్కడ వచ్చే విపత్తులన్నీ గాలి రూపంలోనే రావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు పన్నెండు మంది చనిపోయారు. స్పృహ తప్పి రోడ్డు మీద పడినవాళ్లను భుజాన వేసుకుని పరిగెత్తిన కుర్రాళ్లు, తలుపులు పగలగొట్టి లోపలివాళ్లను బయటికి లాగిన పోలీసులు ఏ శిక్షణా, ఏ మాస్కూ లేకుండా ఆ పని చేశారు. వాళ్లలో కొందరు అక్కడే కుప్పకూలారు. పోర్టు, ట్యాంకు ఫారాలు, రిఫైనరీ, కర్మాగారాలు ఉన్న ఊళ్లో ఉంటున్నాం మనం. గాలి ఏ దిక్కు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పక్కకు పోవాలని, తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోవాలని ప్రతి వీధిలో నలుగురికైనా ముందే నేర్పి ఉంచాలి. ఆ నేర్పడం మనలాంటి సంఘాలు చేయగల పని.

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తామంది. బోటుకు కాగితం ఉంది, రిజిస్ట్రేషను ఉంది, ఓనరు పేరుంది. ఆ బోటు మీద వేటకు పోయే సరంగు, కలాసీలు ఉన్నారు. వాళ్ల ఆదాయం వేటలో వాటా. బోటు లేకపోతే వేట లేదు, వేట లేకపోతే వాటా లేదు, వాటా పోయినట్టు ఏ కాగితమూ లేదు. రేవులో చేపలు కొని బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్ల పేర్లు అంతకన్నా లేవు. కాలిన బోట్ల లెక్క ఎలాగైనా తేలుతుంది. కాలని, కనిపించని నష్టానికి లెక్క రాసే పుస్తకం మాస్టారి తర్వాత ఎవరి చంకలోనూ లేకపోవడం నన్ను బాధిస్తోంది. ఇది ఈ సభలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పను?

మన ఊరు పుచ్చుకోవడమే కాదు, ఇచ్చింది కూడా. 2021 ఏప్రిల్లో కోవిడ్‌తో దేశమంతా ఊపిరి కోసం కొట్టుకుంటున్నప్పుడు మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఖాళీ ట్యాంకర్లతో మహారాష్ట్ర నుంచి వచ్చింది మన ఉక్కు కర్మాగారానికే. 22వ తేదీన ప్రాణవాయువు నింపుకుని వెళ్లింది. ఆ ఏడు ట్యాంకర్లూ నాగపూరులో, నాసిక్‌లో ఎన్ని ప్రాణాలు నిలిపాయో. అది చెప్పుకుని గర్వపడేటప్పుడు ఇంకొందరిని కూడా తలుచుకోవాలి. ఆ కర్మాగారం కోసం 64 ఊళ్లు లేచిపోయాయి, ఇంచుమించు 22 వేల ఎకరాలు ఇచ్చాయి. అంతకుముందు 1966లో ఆ కర్మాగారం కావాలన్న ఉద్యమంలో తూటాలకు ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. ఆ నిర్వాసితుల్లో ఉద్యోగం కోసం ఇంకా ఎదురుచూస్తున్న కుటుంబాలున్నాయి. మనకు మొదటి దాతలు వాళ్లు. వాళ్ల బాకీ తీరకుండా మన దానగుణం గురించి మనం ఎక్కువ చెప్పుకోకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ సందుల్లోకి డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపడం చూశాం. పడవా ట్రాక్టరూ వెళ్లలేని మేడ మీదికి పొట్లం చేరింది. పదేళ్లలో ఇది మంచి మార్పు. కానీ మేడ మీద నిలబడి చెయ్యి ఊపగలిగిన మనిషికి డ్రోను కనబడుతుంది. లోపల మంచంలో ఉన్న ముసలమ్మ సంగతి పక్కింటివాళ్లే చెప్పాలి. ఆ సంగతి తెలిసిన వాలంటీరు ఆ వీధిలో ముందునుంచే ఉండాలి, వరద వచ్చాక పుట్టడు.

ఇక మనం చేయాల్సిన పని ఒకటుంది. తుపాను రోజులు మనకు అక్టోబరు, నవంబరు. ఆలోపు ప్రతి పేటకూ ఒక జాబితా ఉండాలి. ఒంటరి ముసలివాళ్లు, బాలింతలు, డయాలిసిస్ చేయించుకునేవాళ్లు, ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్లు. రేషను కార్డుల నుంచి ఈ జాబితా తీయడం సులువు, కానీ అలా తీస్తే గాజువాక, పెదగంట్యాడ, ఆటోనగర్ వైపు రేకుల గదుల్లో ఉంటున్న వలస కూలీలు ఎవరూ అందులోకి రారు. ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఫ్యాక్టరీల్లో, కట్టడాల మీద, పోర్టులో ఈ ఊరిని నడిపిస్తున్నది వాళ్లే. మైకులో తెలుగులో తుపాను హెచ్చరిక చెబితే వాళ్లకు సగమే అర్థమవుతుంది. మాస్టారి కాలంలో చివరి ఇల్లు కొండ మెట్ల పైన ఉండేది. ఇప్పుడది అక్కడ కూడా ఉంది, ఆ రేకుల గదుల్లోనూ ఉంది. అందుకని కమిటీవారికి నా మనవి ఇదీ. మన సంఘంలో ఒడియా వచ్చినవాళ్లు, హిందీ బాగా మాట్లాడేవాళ్లు ఎవరెవరున్నారో ఈ సాయంత్రమే పేర్లు రాసుకుందాం. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లలో చాలామందికి ఒడియా వచ్చు, వాళ్లు ముందుకు రావాలి. వచ్చే ఆదివారం పెదగంట్యాడ నుంచి మొదలుపెడదాం. నేనూ వస్తాను.